వాయిదా పడ్డ క్యాసెట్టు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. మా ఊరు రొళ్లలో ఎవరైనా "నిన్న వంక దగ్గర తెల్లచీర కనపడింది" అని మొదలుపెడితే, "తెల్లచీర నీకు కనపడింది సరే, నువ్వు దానికి కనపడలేదా?" అని అడిగి నోరు మూయించేదాన్ని. పెళ్లయ్యాక పెనుకొండలో, కొండ కింద మేం అద్దెకు దిగిన ఇంటి గురించి కూడా ఏదో అన్నారు. వెనక గదిలో ఎవరో తిరుగుతారట. తిరిగిన మాట నిజమే. పందికొక్కు. మా ఆయన బోను పెట్టి పట్టాడు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పబోయేది విని నన్ను కూడా ఆ తెల్లచీరల వాళ్లతో కలిపేస్తారని. నేను ఎవరినీ చూడలేదు. నాకు ఏ గొంతూ వినపడలేదు. ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఉండాల్సిన చోట లేకుండా పోయింది, అంతే. ఆ అంతే అన్నది ఇన్నేళ్లయినా నాకు అరగలేదు.

మా పెళ్లి తొంభైల మొదట్లో జరిగింది. ఆయనది ధర్మవరం, మగ్గాల ఇల్లు. పెనుకొండ హైస్కూల్లో లెక్కల సారు. నేను అదే ఊళ్లో ఆడపిల్లల బడిలో కుట్టు టీచర్ని. కాపురానికి వచ్చినప్పుడు ఆయన దగ్గర ఒక రేకు పెట్టె నిండా తెలుగు పాటల క్యాసెట్లు ఉన్నాయి. నా దగ్గర ఒక సంచీ నిండా కన్నడ పాటలవి ఉన్నాయి. మాది కర్ణాటక పొలిమేర ఊరు. ఇంట్లో తెలుగు, సినిమాకు పోతే కన్నడం. మాకు పిల్లలు కలగలేదు. ఆ మాట ఒకసారి చెప్పేస్తే మళ్లీ ఎవరూ అడగరు కాబట్టి ఇక్కడే చెప్పేస్తున్నాను.

పెట్టె, సంచీ కలిపి ఒక అల్మారాలో సర్దాక గొడవ మొదలైంది. చోటు చాలలేదు. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? ఆయన లెక్కల సారు కదా, దానికీ ఒక పద్ధతి పెట్టాడు. ఆదివారం భోజనమయ్యాక విచారణ. ఒక ఆల్బం తీసి మొదటి నుంచి చివరిదాకా వినాలి. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. ఆయన కుర్చీలో, నేను చాప మీద. పాట నడుస్తుంటే ఆయన చూపుడు వేలు కుర్చీ చేతి మీద తాళం వేస్తుండేది. రెండు వైపులూ అయిపోయి, రేడియో, టేపు రికార్డరు కలిసిన మా టూ ఇన్ వన్‌లో బటన్ టక్కున పైకి లేచాకే తీర్పు.

తీర్పు ఎట్లా అమలయ్యేదో చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. క్యాసెట్టు వెనక అంచున, రెండు మూలల్లో రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. మేం వాటిని పళ్లు అనేవాళ్లం. మావన్నీ షాపులో ఖాళీ క్యాసెట్ల మీద ఎక్కించుకున్నవి, కాబట్టి పళ్లతోనే ఉండేవి. ఒకటి 'ఏ' వైపుకు, ఇంకొకటి 'బీ' వైపుకు. పన్ను విరిచేస్తే ఆ వైపు మీద ఇక ఎవరూ వేరేది రికార్డు చేయలేరు. మిషన్లో ఎర్ర బటన్ కిందికి దిగదు. పన్ను ఉంటే మాత్రం ఎర్ర బటన్ నొక్కగానే పాతది చెరిగిపోతుంది.

'ఏ' వైపు పన్ను ఆయనది, 'బీ' వైపుది నాది. ఆల్బం నచ్చితే ఎవరి పన్ను వాళ్లు విరవాలి. నేను కత్తెర మొనతో నున్నగా విరిచేదాన్ని. ఆయన సైకిలు బీగం చెవి, అదే తాళంచెవి, పెట్టి పొడిచేవాడు. ప్రతిసారీ గుంట పక్కన ఏటవాలుగా ఒక గీత పడేది. కత్తెర ఇస్తానన్నా తీసుకునేవాడు కాదు. ఇద్దరికీ నచ్చకపోతే ఆ క్యాసెట్టు రేడియో పాటలు రికార్డు చేసుకోవడానికి పోయేది. ఒకరికి నచ్చి ఒకరికి నచ్చకపోతే వాయిదా. అటువంటివి పై అరలో పెట్టి, ఏడాదికి ఒకసారి మళ్లీ విచారించేవాళ్లం.

ఆయన తీర్పులు వినాల్సిందే. ఒక పేరున్న సినిమా ఆల్బం గురించి, "ఇందులో ఒక్క పాట పని చేస్తాండాది, మిగతాయన్నీ దానెంబడి కూలికొచ్చినాయి" అన్నాడు. నేను తెచ్చిన ఒక కన్నడ భావగీతాల ఆల్బం మూడేళ్లు వాయిదాలోనే ఉంచాడు. నాలుగో ఏడు వానపడుతున్న ఆదివారం, బటన్ లేచాక సైకిలు దగ్గరికి పోయి చెవి తెచ్చాడు. తడిసిన చేత్తోనే పన్ను విరిచాడు. నేనూ ఆయన నాటకాల పద్యాల క్యాసెట్టు ఒకదానికి రెండేళ్లు ఏడిపించి ఒప్పుకున్నాను. సినిమాలకు, షికార్లకు పోయిన జంటలకు ఏమేం గుర్తుంటాయో నాకు తెలియదు. నాకు మాత్రం మా సంసారమంటే ఆ విరిచిన పళ్లే.

మా ఇద్దరికీ నిజంగా చెడింది ఒక్క క్యాసెట్టు దగ్గర. అది మా నాయనది.

మా నాయన సేద్యం చేసేవాడు. భజనలో, కోలాటంలో పాడేవాడు. తెలుగులో ఎత్తుకుని కన్నడంలో దించేవాడు. ఒక ఎండాకాలం టూ ఇన్ వన్ రొళ్లకు మోసుకుపోయి, నారింజ రంగు ఖాళీ క్యాసెట్లు రెండు కొని, ఒకదాంట్లో నాయన చేత పాడించాను. 'ఏ' వైపు చివర పాట అయిపోయాక నాయన దగ్గి, "సరోజా, ఆగిపాయనా మే అది?" అని అడగడం కూడా పడింది. మళ్లీ ఎండాకాలం దాకా నాయన ఉండలేదు. నాయన గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

దాన్ని విచారణకు పెట్టడమే నేను చేసిన తప్పు. తీర్పు ఎలాగూ తెలిసిందే కదా అనుకున్నాను. బటన్ లేచింది. ఆయన తీర్పు చెప్పాడు.

"గొంతు బాగుండాది. మూడో పాటలో తాళం తప్పినాడు మీ నాయన. తప్పినాక మళ్ల ఎక్కించుకోలేకపాయ."

"పొయ్యిన మనిషికి గూడా మార్కులు ఏస్తాండారా మీరు?"

"మార్కులు కాదు మే. నీ కోసరం ఈడ అబద్ధం చెప్తే, రేపు నేను బాగుండాదన్న ఏ పాటనీ నువ్వు నమ్మవు."

తను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. నేను ఆయన ముందే కత్తెర తెచ్చి నా పన్ను విరిచి, క్యాసెట్టు తీసుకుపోయి పై అరలో పెట్టాను. కొన్నాళ్లు మాటల్లేవు. రాగి ముద్ద, ఊరిబిండి పచ్చడి ముందు పెట్టి వచ్చేసేదాన్ని. తర్వాత మామూలైపోయాం గానీ ఆ ముల్లు అట్లాగే ఉండిపోయింది. ప్రతి ఏడూ ఆ క్యాసెట్టు విన్నాం. ప్రతి ఏడూ మూడో పాటలో ఒక చోట ఆయన వేలు ఆగిపోయేది. నాకేమో ఎంత విన్నా తాళం ఎక్కడ తప్పిందో తెలిసేది కాదు. కావాలనే అంటున్నాడనుకునేదాన్ని.

ఆయనకూ ఒక పాట ఉండేది. కాకపోతే అది ఏ క్యాసెట్టులోనూ దొరకలేదు. ధర్మవరంలో చిన్నప్పుడు వాళ్లమ్మ మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే, పక్కన కూర్చుని విన్నాడట. ఏదో పెళ్లింటి మైకులో వచ్చిందట. ఆయనకు ఏడేళ్లప్పుడే ఆమె పోయింది. అమ్మ ముఖం సరిగా గుర్తులేదు గానీ ఆ పాట వచ్చినప్పుడు ఆమె నేత ఆపి వినడం గుర్తుందనేవాడు. మాటలు తెలియవు. ఆడగొంతు పైకి పోయి ఉన్నట్టుండి ఆగిపోతుంది. కాసేపు ఒట్టి గజ్జెల చప్పుడు. మళ్లీ గొంతు మెల్లగా కిందికి దిగుతుంది. అంతవరకే. ధర్మవరం, హిందూపురం, అనంతపురంలో ఏ క్యాసెట్ల షాపుకు పోయినా గల్లాపెట్టె ముందు నిలబడి ఆ వరస కూనిరాగం తీసేవాడు. షాపువాళ్లు నవ్వేవాళ్లు. నాకు సిగ్గేసి రోడ్డు మీదికి వచ్చి నిలబడేదాన్ని. ఇంట్లో స్నానం చేస్తూ, గడ్డం గీసుకుంటూ అదే వరస. విని విని అది నాకు ఆయన కన్నా బాగా వచ్చేసింది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక రోజు బళ్లో పాఠం చెబుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడు. ఆస్పత్రికి చేరేలోగా అయిపోయింది. దానిమీద ఇంకేం చెప్పను.

నేను హిందూపురానికి బదిలీ పెట్టుకుని, ఒక మేడ మీద చిన్న ఇల్లు తీసుకున్నాను. ఆయన సైకిలు, దాని బీగం చెవి ధర్మవరంలో మా మరిదికి ఇచ్చేశాను. కుర్చీ తెచ్చుకున్నాను. క్యాసెట్లు అన్నీ తెచ్చుకున్నాను. అప్పటికే అందరూ సీడీలకు మారిపోయారు. బళ్లో టీచర్లు నన్ను చూసి నవ్వేవాళ్లు. నవ్వనీ. బడి నుంచి వచ్చి తాళం తీస్తే పొద్దున నేను పెట్టిన చోటే ప్రతి వస్తువూ ఉండేది. కాఫీ గ్లాసు కూడా నేను వదిలిన చోటే. అది ఎంత కష్టమో ఒంటరిగా బతికిన వాళ్లకే తెలుస్తుంది. ఆదివారం భోజనమయ్యాక అలవాటు కొద్దీ ఒక ఆల్బం పెట్టేదాన్ని. బటన్ లేచేది. తీర్పు చెప్పేందుకు నోరు తెరిచి, ఎవరికి చెప్పాలో తెలియక మూసుకునేదాన్ని.

నాయన క్యాసెట్టు మీద ఆయన పన్ను అట్లాగే ఉంది. నేనే విరిచేయొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నాకూ చాలాసార్లు అనిపించింది. కానీ అది ఆయన పన్ను. ఆయన ఒప్పుకోని మాటను ఆయన పోయాక ఒప్పుకున్నట్టు నేనెట్లా చేస్తాను? కోపమో, గౌరవమో, రెండూనో. ఎప్పుడు తీసినా బొటనవేలి గోరు పెట్టి ఆ పన్ను తడిమి చూసి మళ్లీ పెట్టేసేదాన్ని.

నాలుగైదేళ్లయ్యాక ఒక శనివారం నాయన క్యాసెట్టులో టేపు చిక్కుకుంది. హిందూపురం బజారులో డేవిడ్ అని క్యాసెట్లు బాగుచేసే అతను ఉండేవాడు. మా ఆయన్నీ ఎరుగును, ఆ కూనిరాగాన్నీ ఎరుగును. నా ముందే మరలు విప్పి, టేపు సరిచేసి, మళ్లీ బిగించి, వెనక్కి తిప్పి చూశాడు.

"అక్కా, ఈ పక్క పన్ను ఇంకా ఉండాది. పొరపాట్న చెరిగిపోతే మళ్ల రాదు. విరిచేద్దునా?"

"వద్దప్పా. అట్లే ఉండనీ."

అతను ఒక మాదిరిగా చూసి ఇచ్చేశాడు. ఇంటికి వచ్చాక ఒకసారి విన్నాను. బాగానే ఉంది. అలవాటుగా గోరుతో తడిమాను. పన్ను ఉంది. 'ఏ' వైపు పైకి పెట్టి టూ ఇన్ వన్ మీదే ఉంచి, తలుపు గడియ పెట్టి పడుకున్నాను.

మరుసటి రోజు ఆదివారం. అన్నం తిని వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. ముందు గదిలో రేడియోలో శ్రోతలు కోరిన పాటలు వస్తున్నాయి. నేను పట్టించుకోవడం లేదు. ఉన్నట్టుండి ఒక ఆడగొంతు పైకి పోయి ఆగిపోయింది. గజ్జెల చప్పుడు.

చేతిలో గిన్నె తొట్లో పడేసి పరిగెత్తాను. అదే పాట. ఒక్క రవ్వంత కూడా అనుమానం లేదు. ఆయన కూనిరాగంలో ఎక్కడ ఊపిరి తీసుకునేవాడో ఆ గొంతు కూడా సరిగ్గా అక్కడే తీసుకుంటోంది. తడి చేతులతోనే మిషన్ మీదున్న నారింజ క్యాసెట్టు అందుకుని లోపల వేసి, ఎర్ర బటన్ నొక్కాను. దిగలేదు.

మళ్లీ నొక్కాను. రెండు బొటనవేళ్లూ పెట్టి బలమంతా వేసి నొక్కాను. దిగలేదు. పాట నడిచిపోతోంది. నేను మిషన్‌ను తిట్టాను, చేత్తో కొట్టాను, ఏడ్చాను. ఆయన ఊరూరా తిరిగి వెతికిన పాట, వాళ్లమ్మ నేత ఆపి విన్న పాట, నా ఇంట్లో నా ముందే అయిపోయింది. పాట పేరు, పాడినవాళ్ల పేరు ముందే చెప్పేస్తారు. అవి చెప్పినప్పుడు నేను గిన్నెల దగ్గర ఉన్నాను. వెంటనే ఇంకేదో పాట మొదలైంది.

తర్వాత ఆ పాడు క్యాసెట్టుకు ఏమైందో చూద్దామని బయటికి తీశాను.

అది నాయన క్యాసెట్టు.

నారింజ రంగువి రెండు కొన్నానని చెప్పాను కదా. రెండోది రేడియో పాటలకు వాడేదాన్ని. ఎప్పుడూ మిషన్ మీద ఉండేది అదే. ముందురోజు నాయనది అక్కడ పెట్టానన్న సంగతి ఆ తొందరలో మరిచిపోయాను. రెండోది కుట్టు మిషన్ మీద గుడ్డ కింద ఉంది. ఆ ఎర్ర బటన్ దిగి ఉంటే నాయన గొంతు మీద ఆ పాట పడిపోయేది. నా చేత్తో నేనే చెరిపేసి ఉండేదాన్ని.

అప్పుడు గాని అసలు ప్రశ్న తట్టలేదు. పన్ను ఉండగా బటన్ ఎందుకు దిగలేదు?

క్యాసెట్టు తిప్పి చూశాను. 'ఏ' వైపు పన్ను, ఆయన పన్ను, లేదు. అక్కడ ఖాళీ గుంట ఉంది. గుంట పక్కన ఏటవాలుగా ఒక గీత ఉంది.

ఆ గీతను ఆయన విరిచిన మిగతా క్యాసెట్ల పక్కన పెట్టి చూశాను. ఆ సాయంత్రమంతా చూస్తూనే ఉన్నాను. అన్నింటికీ అదే వాలు, అదే లోతు.

నేను తేలిగ్గా నమ్మే మనిషిని కాదు కాబట్టి నాకు తోచిన దారులన్నీ వెతికాను. మిషన్ చెడిందేమో అని రెండో నారింజ క్యాసెట్టు పెట్టి చూశాను. ఎర్ర బటన్ వెన్నలా దిగింది. పాత ప్లాస్టిక్ దానంతటదే విరిగిందేమో అనుకుందామంటే, విరిగిన ముక్క ఇంట్లో ఎక్కడో ఉండాలి. ఇల్లంతా ఊడ్చి, ఆ చెత్త జల్లెడ పట్టాను. దొరకలేదు. దానంతటదే విరిగితే గీత ఎందుకు పడుతుంది? సోమవారం డేవిడ్ షాపుకు పోయాను. "నువ్వు వద్దంటివి గదక్కా, నేనెందుకు విరుస్తా?" అన్నాడు. క్యాసెట్టు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి తిరిగి ఇచ్చేశాడు. నేను బయలుదేరేటప్పుడు "ఇంటికాడ జాగ్రత్తక్కా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎవరి నుంచి జాగ్రత్త?

ఆ తర్వాత ధర్మవరం పోయినప్పుడు మా మరిదిని సైకిలు గురించి అడిగాను. వాన తగలని చోట గోడకు చేరేసి ఉంది. "దాన్నెవరు తొక్కుతారొదినా ఇప్పుడు? బీగం తుప్పు పట్టి చెవి దాంట్లోనే ఇరుక్కుపాయ" అన్నాడు. లాగి చూశాను. రాలేదు.

ఆ పాట కోసం నేనూ వెతికాను. ఒకప్పుడు సిగ్గుపడి రోడ్డు మీద నిలబడిన దాన్ని, అవే షాపుల్లో గల్లాపెట్టె ముందు నిలబడి కూనిరాగం తీశాను. నన్నూ చూసి నవ్వారు. రేడియోలో మళ్లీ ఎప్పుడూ రాలేదు. ఇన్నేళ్లూ ప్రతి ఆదివారం, రెండో నారింజ క్యాసెట్టు మిషన్లోనే పెట్టి ఉంచాను.

నాకు అర్థం కానిది ఒకటి కాదు. ఆ పన్ను ఎవరు విరిచారన్నది ఒకటి. ఒకవేళ ఆయనే అయితే, నాయన గొంతు చెరిగిపోకుండా ఆపడానికి విరిచాడా, లేక నాయన పాట బాగుందని ఒప్పుకుని విరిచాడా అన్నది ఇంకొకటి. నాకోసం అబద్ధం చెప్పని మనిషి. చిన్నప్పటి నుంచీ వెతుకుతున్న పాట గుమ్మం దాకా వస్తే దాన్ని పోనిచ్చి మా నాయన దగ్గర ఎందుకు నిలబడ్డాడు? ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఇప్పటికీ ఏడాదికి ఒకసారి నాయన క్యాసెట్టు పెడతాను. ఈ మధ్య చాప మీద కూర్చోలేక ఆ కుర్చీలోనే కూర్చుంటున్నాను. కిందటిసారి పాట నడుస్తుంటే నాకు తెలియకుండానే నా వేలు కుర్చీ చేతి మీద తాళం వేయడం మొదలుపెట్టింది. మూడో పాటలో ఒక చోట అది ఆగిపోయింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ అక్కడే ఆగింది.

ఆయన చెప్పింది నిజమే. నాయన తాళం తప్పాడు. ఆ మాట ఆయనకు చెబుదామని, ఒకప్పుడు నేను కూర్చునే చాప వైపు చూశాను.